పట్టూ విడుపూ

"వీటి మీద ఎన్నాళ్ళుగా తిరుగుతున్నావు డాక్టరమ్మా?"
నా టైరు మీద బొటనవేలు ఆనించి గ్లెన్ అడిగాడు.
సరిగ్గా ఈ గొంతుతోనే నేను
రోజూ ఎవరో ఒకరిని అడుగుతుంటాను,
నోరు తెరిపించి, దీపం వంచి.

తప్పు చేసినవాళ్ళంతా చెప్పే జవాబే చెప్పాను:
"నొప్పేం లేదుగా అని..."

ఆలిస్ స్ప్రింగ్స్‌లో అక్టోబరు.
పొద్దున తొమ్మిదికే షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి.
పద్నాలుగేళ్ళ ప్రాడో నాది. రోజూ నడిచేది తారు మీదే:
ఇల్లు, బడి, ఆసుపత్రి, కూరల కొట్టు.
పక్షానికోసారి మాత్రం
పళ్ళు పీకే పటకార్లు పెట్టెలో సర్దుకుని
ఎర్రమట్టి మీద నూట ఎనభై కిలోమీటర్లు.
దారి పొడవునా రేకు మడతల్లాంటి గతుకులు,
దవడలు తాళం వేస్తాయి.

గోడకి రెండు టైర్లు ఆనించాడు.

మొదటిది బురద టైరు.
ఒక్కో దిమ్మ దున్నపోతు దంతమంత.
సందులో నా చిటికెన వేలు మునిగింది.
చూడగానే మనసు పారేసుకున్నాను, అబద్ధమెందుకు.
"ఈ ఊళ్ళో బురద ఎక్కడ చూశావు?" అన్నాడు.
నిజమే. టాడ్ నదిలో నీళ్ళొస్తే
పని మానేసి చూడ్డానికి పరిగెత్తే జనం మేము.

తన బండికి అవే వేసుకున్నాడు. "ఎక్కు" అన్నాడు.
కొండ సందు దాకా వెళ్ళొచ్చాం.
తారు మీద తేనెపట్టు కదిపినంత రొద.
బండెక్కితే తప్ప నిద్రపోని నా మూడేళ్ళ ఈప్సిత
కళ్ళు ఇంత చేసుకుని
"అమ్మా, కడుపులో ఈగలు" అంది.

అక్కడే తేలిపోయింది.

రెండోది అన్ని నేలలదీ.
మట్టికీ తారుకీ ఇద్దరికీ మొహమాటపడే రకం.
పక్కగోడలు మాత్రం మందం, రాతి అంచు అంత తేలిగ్గా కోయలేదు.
"ఒక సైజు పెద్దది వేస్తే?" ఆశ చావక అడిగాను.
"మలుపులో లోపలి అంచుకి గీరుకుంటుంది,
స్పీడు ముల్లు అబద్ధమాడుతుంది."
అంతే మరి. పై వరసా కింది వరసా కలవాలి కదా.

నాలుగు చాలు, స్పేరు పాతదుంచమని
ఫోనులో శతానంద్.
ముప్ఫై ఒక్క పళ్ళు బాగుండి
ఒక్కటి పుచ్చినవాడి రాత్రి ఎలా ఉంటుందో
ఆయనకేం తెలుసు. అయిదూ కొన్నాను.

పాత టైరు అంచు రిమ్మును వదిలేటప్పుడు
నాకు బాగా తెలిసిన చప్పుడే వచ్చింది,
వేరు కదిలే ముందు పన్ను చేసే మూలుగు.
సబ్బునీళ్ళు పూసి, కొత్తది ఎక్కించి, గాలి నింపితే
ఫట్టని ఒకటి, ఫట్టని ఇంకొకటి. కూర్చుంది.
తెల్లక్షరాలు లోపలికి తిప్పమన్నాను.
ఈ వయసులో చక్రాలతో గొప్పలేమిటి.

నట్లు పక్కపక్కన కాదు, ఎదురెదురుగా బిగించాడు.
వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసుకోమన్నాడు.
ఇసకలో దిగేముందు గాలి సగం తీసెయ్యమన్నాడు,
మెత్తబడితేనే దాటుతావన్నాడు.
ఇంకా ఏదో ఇంగ్లీషులో అన్నాడు గానీ
నాకు వినిపించింది మాత్రం పట్టూ విడుపూ అనే.

డబ్బులు లెక్కపెడుతూ నవ్వాడు.
ఎడమ దవడ పైన వాపు.
టీ కూడా కుడివైపు నుంచే తాగుతున్నాడు పొద్దుటినుంచీ.
"ఎన్నాళ్ళుగా?" అన్నాను.
"నొప్పేం లేదుగా" అన్నాడు.
రసీదు వెనక రాసిచ్చాను: మంగళవారం, పదింటికి.

నూట రెండో కిలోమీటరు దగ్గర, ముల్లుగడ్డి పక్కన ఆపి
టార్కు రెంచి పట్టుకుని వంగాను.
అయిదు నట్లు వెంటనే టిక్కుమన్నాయి.
ఆరోది పావు చుట్టు తిరిగింది.

మంగళవారం గ్లెన్ రాలేదు.
రేపు మళ్ళీ ఫోను చెయ్యాలి.